ఒక్కరూ చావని ఇల్లు

మా మాస్టారు మొదటి ఆదివారమే నా బొమ్మలో ఏడెనిమిది మందిని చంపేశారు.

ఢిల్లీ ద్వారకాలో తెలుగువాళ్ళు కాస్త ఎక్కువగా ఉండే సొసైటీ అది. గ్రౌండ్ ఫ్లోర్‌లో ఆయన ఫ్లాట్. డైనింగ్ టేబుల్ పక్కకి జరిపి, నా షీటుని గోడకి టేపుతో అంటించారు. నేను గీసుకెళ్ళింది ఆకాశంలోకి తలకిందులుగా తవ్విన మెట్లబావి. ఢిల్లీలో పాత మెట్లబావులు చూసినప్పటినుంచీ నా బుర్రలో తిరుగుతున్న ఊహ అది. మెట్లు కిందికి కాకుండా పైకి పోతాయి. అంతస్తు మీద అంతస్తు, అన్నిటికీ పైన నీటికి బదులు ఒక మేఘం. జనం బిందెలు చంకన పెట్టుకుని ఎక్కి, మేఘంలో ముంచుకుని దిగొస్తారు. మాస్టారు చాలాసేపు చూశారు. మెచ్చుకుంటారని నేను ముఖం సిద్ధం చేసుకుని నిలబడ్డాను. ఆయన జేబులోంచి ఎర్ర జెల్ పెన్ను తీసి, మెట్ల మలుపు దగ్గర బియ్యపు గింజంత మనిషిని వెల్లకిలా గీశారు.

“ఈవిడ చచ్చిపోయిందమ్మా,” అన్నారు. “నిండు బిందెతో దిగుతోంది. కాలు మడతపడింది. పట్టుకోడానికి ఏముంది ఇక్కడ? గాలి. పెద్దపిల్ల టెన్త్ చదువుతోంది. చిన్నదానికి జ్వరం, అందుకే పాపం తొందరగా దిగింది.”

ఆ తర్వాత ఒక ముసలాయన పోయాడు. నేను పెట్టిన గుమ్మం ఆయన ఎత్తుకి చాలక తల పగిలిందట. మేఘం కింద మెట్లు ఎప్పుడూ తడిగా ఉంటాయి కాబట్టి నాచు పడుతుందట, ఆ నాచు మీద జారి ఒక కొత్త పెళ్ళికూతురు పోయింది. ఆ పిల్ల కాళ్ళకి పారాణి కూడా గీశారు, అదే ఎర్ర ఇంకుతో, తీరిగ్గా. చివరికి పెన్ను మూత పెట్టి, “మంచి ఊహేనమ్మా, శ్మశానానికి పనికొస్తుంది,” అన్నారు. గదిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. వాళ్ళ షీట్ల మీద అంతకుముందే శవాలు పడున్నాయి, ఇప్పుడు నా వంతు వచ్చినందుకు వాళ్ళకి హాయిగా ఉంది.

ఇదీ ఆయన పాఠం చెప్పే పద్ధతి. గీత బాగుందా, నీడ సరిగ్గా పడిందా అని ఎప్పుడూ మాట్లాడలేదు. “ఇల్లు గీశావంటే అందులో ఎవరో ఉంటారు. వాళ్ళకేమైందో చూద్దాం పద,” అని గేటు దగ్గర వేలు పెట్టేవారు. ఆ వేలు బొమ్మలో నడుచుకుంటూ పోయేది. ఎక్కడ ఆగితే అక్కడ ఒకరికి నూకలు చెల్లినట్టే.

కేంద్ర ప్రభుత్వంలో భవనాలు కట్టే శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. ఉద్యోగమంతా సర్కారు క్వార్టర్లు గీశారు, టైప్ టూ, టైప్ త్రీ, టైప్ ఫోర్. గోదావరి వైపువారు. మాట మెత్తన, తిట్టేటప్పుడు ఇంకా మెత్తన. రిటైరయ్యాక, ఊహలో తప్ప కట్టలేని ఇళ్ళు గీయడం నేర్పుతానని క్లాసు పెట్టారు. అన్నేళ్ళూ కట్టేవే గీసిన మనిషి కట్టలేనివి ఏం నేర్పుతాడని నాకు అనుమానం రావాలి. రాలేదు. తెలుగులో చెబుతాడన్న ఒక్క మాటకే పడిపోయాను. వారమంతా ఆఫీసులో ఇంగ్లీషు, ఇంటి ఓనరుతో హిందీ. ఆదివారం ఒక పూట తెలుగులో తిట్లు తినడం కూడా భోజనంలాగే ఉండేది.

నేను గుర్గావ్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఎవరో రాసిన ప్రోగ్రాంలో తప్పులు పట్టడం, వాళ్ళు సరిచేశాక మళ్ళీ చూడడం, ఆ తప్పు పోయిందని మూసేయడం, ఇదే నా బతుకు. కరీంనగర్‌లో ఉన్నప్పుడు ఆర్కిటెక్చర్ చదువుతానంటే, మేస్త్రీ పనికి డిగ్రీ ఎందుకని మా నాన్న కంప్యూటర్స్‌లో పడేశాడు. తర్వాత ఏదో కోచింగ్ అని ఢిల్లీ వచ్చి కటవారియా సరాయ్‌లో గది తీసుకున్నాను. కోచింగ్ ఎటూ కాకుండా పోయింది. గది మాత్రం మిగిలింది. ఆ గదిలో మంచం మీద డ్రాయింగ్ బోర్డు పెట్టుకుని, ఎక్కడా లేని ఇళ్ళు గీయడమే నా దగ్గర మిగిలిన ఆర్కిటెక్చర్.

ఆ ఏడాది వేసవిలో మాస్టారు ఒక సంగతి చెప్పారు. దక్షిణ ఢిల్లీలో పిల్లల పుస్తకాలు వేసే ఒకావిడ, ఊహల్లోని ఇళ్ళ మీద పెద్ద బొమ్మల పుస్తకం వేస్తోంది. బొమ్మలన్నీ ఒక చేతి మీదే రావాలి. దీపావళి అయ్యాక క్లాసుకి వచ్చి అందరి షీట్లూ చూసి ఒకరిని ఎంచుకుంటుంది. ఆ మాట విన్న క్షణం నుంచి నాకు ఆ పుస్తకం కావాలి. ఇంకేదీ అక్కర్లేదు. ముప్పై దాటి నాలుగేళ్ళయింది, బొమ్మలు గీస్తానని ఎవరికైనా చెబితే “ఓ, హాబీనా? గుడ్” అంటున్నారు. ఆ గుడ్ విన్నప్పుడల్లా చెంప మీద ఒక్కటిచ్చినట్టు ఉండేది. అట్ట మీద నా పేరు పడితే ఆ నోళ్ళు మూతపడతాయి, నేను ఉద్యోగం వదిలేస్తాను. ఈ వదిలేసే సంగతి కడుపులో దాచుకోలేక ఆఫీసులో అనేశాను కూడా. అప్పట్నుంచి క్యాంటీన్‌లో కనబడితే చాలు, “మేడమ్, నోటీస్ పీరియడ్ ఎప్పట్నుంచి?” అని ఒకటే ఆటపట్టించడం.

క్లాసులో నాకు పోటీ అనదగింది ఒక్కతే. కేంద్ర ప్రభుత్వంలో పెద్ద అధికారి కూతురు, కాలేజీ పిల్ల, పుట్టిందీ పెరిగిందీ ఢిల్లీలోనే. తెలుగు మొత్తం అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో. నన్ను దీదీ అనేది. అందులో గౌరవం కన్నా నా వయసే ఎక్కువ వినపడేది నాకు. దాని బొమ్మ ఒంటె ఆకారంలో ఉండే ఒక ఇల్లు. పగలంతా నడుస్తుంది, సాయంత్రం మోకాళ్ళు మడిచి కూర్చుంటుంది, అప్పుడు జనం ఎక్కుతారు, దిగుతారు. మెడ పొడుగునా మెట్లు, మూపురంలో వంటిల్లు. బాగానే ఉందని ఇప్పుడంటున్నాను. అప్పుడు చూస్తే ఒళ్ళు మండింది.

“మోకాలి గదుల్లో ఉన్నవాళ్ళు రోజూ సాయంత్రం పిండైపోతున్నారు కదమ్మా,” అని మాస్టారు అక్కడ వరసగా ఎర్ర మనుషుల్ని గీశారు. తోక మీద బట్టలారేస్తున్నావిడ ఒంటె తోక ఊపగానే ఎగిరిపోయింది.

“అరే సార్, బేచారీ!” అని ఆ పిల్ల పగలబడి నవ్వింది.

మరుసటి వారం అదే షీటు పట్టుకొచ్చింది. ఒక్క శవాన్నీ తీయలేదు, ఒక్క మోకాలూ మార్చలేదు. పైగా శవాల చుట్టూ నల్ల ఇంకుతో కొత్తవి చేర్చింది. ఒకడి పక్కన పిల్లి కూర్చుని మీసాలు నాక్కుంటోంది. ఇంకొకడి కాళ్ళనుంచి చెప్పులు ఎవరో ఊడబెరుక్కుని పోతున్నారు. “ఔర్ కౌన్ మరా, సార్?” అని, ఇంకెవరు పోయారో చెప్పమన్నట్టు, గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడేది. ఆయన కసిగా మరో నలుగుర్ని చంపేవారు. వారం తిరిగేసరికి ఆ నలుగురి దగ్గరా ఏదో ఒక తతంగం తయారయ్యేది. ఒళ్ళు వంచి సరిచేసుకోలేని బద్ధకం అనుకున్నాను నేను. తండ్రి పెద్ద ఆఫీసరు, దీనికేం పోయింది అనుకున్నాను.

నేను అలాంటిదాన్ని కాను. నేను టెస్టర్‌ని. తప్పు చూపిస్తే అది పోయేదాకా నాకు అన్నం సయించదు. ఆదివారం పడిన శవాల్ని సోమవారం పొద్దున మెట్రోలో నిలబడి ఒక్కొక్కటే తలుచుకునేదాన్ని, ఎందుకు పడింది, ఏం మారిస్తే మళ్ళీ పడదు అని. వారంలో కొత్త షీటు గీసేదాన్ని. బిందె మనిషి కోసం మెట్లకి రెయిలింగ్ పెట్టాను. ముసలాయన కోసం గుమ్మం ఎత్తు పెంచాను. చీకట్లో ఒకడు పోయాడంటే కిటికీ పెట్టాను, ఆ కిటికీలోంచి పిల్లాడు పోయాడంటే దానికి గ్రిల్ వేశాను. మంటల్లో చిక్కుకుని ఒక కుటుంబం పోయిందంటే ఇంకో పక్కన రెండో మెట్లదారి గీశాను. అన్ని మెట్లు ఎక్కలేక ఒకామె గుండె ఆగిందన్నారు. లిఫ్టు పెట్టాను.

ఆఖరికి మేఘం మీద పడ్డారు మాస్టారు. “ఇది దేని మీద ఆనుకుంది తల్లీ?” అన్నారు. మేఘం విరిగిపడి ఊరు ఊరంతా కొట్టుకుపోయింది. ఆ రోజు షీటు నిండా ఎర్రగా అయింది. ఆ వారమంతా ఆలోచించి, మేఘం తీసేసి, ఆ చోట నాలుగు స్తంభాల మీద నీళ్ళ ట్యాంకు గీశాను. నల్లది, గుండ్రంది. దానికి మూత ఆ పై వారం పెట్టాను, ఒకడు అందులో పడ్డాక.

శవాలు తగ్గుతూ వచ్చాయి. ఆ సంతోషం మామూలుది కాదు. ఇంకా నవ్వు వచ్చే సంగతేమిటంటే, ఇవన్నీ నేను ఏ ఇంట్లో కూర్చుని గీస్తున్నానో ఆ ఇంటికి మాస్టారిని ఒక్కసారి తీసుకొస్తే ఆయన పెన్నులో ఇంకు చాలదు. కిటికీ తెరిస్తే ఎదురింటి గోడ చేతికి తగులుతుంది. మెట్లు ఒక్క మనిషికే సరిపోతాయి, ఎదురుగా గ్యాస్ సిలిండర్ వస్తే వెనక్కి దిగాలి. కరెంటు మీటర్లన్నీ మెట్ల కింద ఒకే చోట, తేనెతుట్టెలాగా వైర్లు. నిప్పంటుకుంటే నేను కాలిపోతాను, సందేహం లేదు. అలాంటి గదిలో కూర్చుని లేని మనుషుల కోసం రెండో మెట్లదారి గీసుకుంటున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఒక ఆదివారం క్లాసు అయ్యాక మెట్రోలో ఆ పిల్లా నేనూ పక్కపక్కన కూర్చున్నాం. కాసేపు ఫోను చూసుకుని, తటపటాయించి అడిగింది. “దీదీ, వో బాదల్ కహా గయా?”

“మేఘం నిలవది. కూలిపోతది. జనం చస్తరు,” అన్నాను.

“తో క్యా హువా? కాగజ్ హీ తో హై.”

కాగితమే కదా అనేసరికి నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. “మీ డాడీ క్వార్టర్ల ఉంటవు గాబట్టి నీకు గట్లనే అనిపిస్తది. కిరాయి గదిల ఉండి చూడు, తెలుస్తది,” అన్నాను. ఆ పిల్ల ముఖం మాడిపోయింది. ఇయర్‌ఫోన్లు పెట్టేసుకుంది. మంచి దెబ్బే కొట్టాననుకుని నేను నా స్టేషన్‌లో దిగాను.

దీపావళి వెళ్ళింది. ఊరంతా పొగ. పుస్తకాలావిడ మాస్కు పెట్టుకుని దగ్గుకుంటూ వచ్చింది. మాస్టారి భార్య, మా అందరికీ ఆంటీ, ఆమెకి కాఫీ ఇచ్చారు. ముందు మాస్టారు ప్రతి షీటులోనూ వేలు నడిపించాలి, తర్వాత ఆమె చూడాలి, అదీ ఏర్పాటు. నా షీటు గోడ మీదికి వచ్చింది. ఆయన పెన్ను మూత తీసి పట్టుకున్నారు. వేలు గేటు దగ్గర బయల్దేరింది. మెట్లెక్కింది, మలుపు తిరిగింది, రెయిలింగ్ పట్టుకుంది. గదుల్లోకి వెళ్ళొచ్చింది, కిటికీ గ్రిల్ మీద ఆగింది, కదిలింది. లిఫ్టు ఎక్కింది. ట్యాంకు మూత దాకా పోయి, రెండో మెట్లదారిలో దిగి గేటు బయటకి వచ్చేసింది. మాస్టారు ఇంకోసారి నడిపించారు. తర్వాత పెన్నుకి మూత పెట్టేశారు.

“ఒక్కరూ చావలేదు,” అన్నారు.

ఆ క్లాసు పెట్టినప్పటినుంచి అలా జరగలేదు. వెనక కూర్చున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సిగ్గు లేకుండా చెబుతున్నాను. పుస్తకం వచ్చేసిందనుకున్నాను. రేపు క్యాంటీన్‌లో ఎంత దర్జాగా నడవాలో కూడా అనేసుకున్నాను.

పుస్తకాలావిడ లేచి వచ్చి, కళ్ళజోడు పైకి జరుపుకుని, షీటు దగ్గరగా చూసింది. “బహుత్ నీట్ హై,” అంది. తర్వాత నా వైపు తిరిగి మర్యాదగా హిందీలో అడిగింది, ఇది నోయిడా ఎక్స్‌టెన్షన్ వైపు కడుతున్న బిల్డింగేనా అని. వాళ్ళ కజిన్ అచ్చం ఇలాంటి దాంట్లోనే ఫ్లాట్ బుక్ చేసుకున్నాడట, పొజెషన్ ఇంకా ఇవ్వలేదట.

వెటకారం చేసి ఉంటే బాగుండేది, ఎదురు మాట అనేదాన్ని. ఆమె నిజంగానే అడిగింది. జవాబు కోసం నవ్వు ముఖంతో ఎదురుచూస్తోంది కూడా. నేను షీటు వైపు చూశాను. అన్ని నెలల్లో మొదటిసారి సరిగ్గా చూశాను. రెయిలింగ్, గ్రిల్, లిఫ్టు, రెండు మెట్లదారులు, పైన నల్ల ట్యాంకు. ఊహల ఇల్లు నేర్చుకుంటానని వచ్చి మాస్టారి టైప్ ఫోర్ క్వార్టర్ గీసిపెట్టాను. అందరూ నవ్వారు. ఆ ఒంటె పిల్ల మాత్రం నవ్వకుండా తల దించుకుంది. నవ్వినవాళ్ళని మర్చిపోయాను, ఆ పిల్ల జాలిని మాత్రం ఇప్పటికీ మర్చిపోలేదు.

తర్వాత ఒంటె షీటు ఎక్కింది. ఎర్ర శవాలు, నల్ల పిల్లులు, చెప్పుల దొంగలు. మాస్టారు వేలు నడిపించబోతుంటే పుస్తకాలావిడ ఆగమంది. ముక్కు కాగితానికి తగిలేంత దగ్గరికి వెళ్ళి ఒక్కొక్క చావూ చూసుకుంటూ పోయింది. మోకాలి గదుల దగ్గరికి వచ్చేసరికి నవ్వుతో దగ్గు తెర వచ్చి కుర్చీలో కూలబడింది. పిల్లలు దీన్ని పేజీ తిప్పనివ్వరు అంది. ఈ ఎర్రవి ఎవరివి అని అడిగింది. ఆ పిల్ల మాస్టారి వైపు చూపించి, “సార్ కే హై,” అంది.

మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. అంతటి మనిషి, పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు జుట్టు సర్దుకున్నారు. పుస్తకం ఇద్దరి పేరు మీదా వేద్దామంది ఆమె, ఇళ్ళు పిల్లవి, చావులు మాస్టారివి. ఆంటీ మిఠాయి డబ్బా తెచ్చారు. నా చేతిలోనూ ఒక కాజూ బర్ఫీ పెట్టారు. తినేశాను. వద్దనే ఓపిక కూడా లేదు.

అందరూ వెళ్ళిపోయారు. ఆ పిల్లతో కలిసి మెట్రో ఎక్కలేక నేను షీటు ఊడదీసే నెపంతో ఉండిపోయాను. మాస్టారు సోఫాలో కూర్చుని ఇంకా తనలో తాను నవ్వుకుంటున్నారు. నాకు కడుపు మండిపోయింది.

“సార్, మీరు చెప్పినయన్నీ చేసిన గద. ఒక్కటి గూడ విడిచిపెట్టలే. మరి నన్నెందుకు గిట్ల చేసిన్రు?” అన్నాను.

ఆయన తల ఎత్తి చూశారు. “నేను చంపానమ్మా. బతికించమని ఎప్పుడన్నా అన్నానా?”

గుర్తు చేసుకున్నాను. అనలేదు. ఈవిడ చచ్చిపోయింది, వీడు చచ్చిపోయాడు అన్నారు గానీ, రెయిలింగ్ పెట్టు అని ఒక్క ఆదివారం కూడా అనలేదు.

“మరి ఎందుకు చంపుడు?”

“సరదా,” అన్నారు, ఏ మాత్రం సంకోచం లేకుండా. “ఉద్యోగమంతా ఒక్కడూ చావడానికి వీల్లేని ఇళ్ళు గీశాను. రిటైరయ్యాకయినా కాస్త చంపుకోవద్దూ? ఆ పిల్లకి అది అర్థమైంది. నువ్వేమో మేఘం తీసి ట్యాంకు పెట్టుకొచ్చావు. ఆ రోజు నాకు నీమీద ఆశ పోయింది.”

“అప్పుడే చెప్పచ్చు గద!”

“చెబితే ట్యాంకు తీసేసి మళ్ళీ మేఘం పెడతావు. నేను చెప్పానని. దానివల్ల ఏం లాభం?”

ఆంటీ ఇచ్చిన వేడి కాఫీ చేతిలో ఉంది. ఆయన ముఖాన కొట్టాలనిపించింది. నిజంగానే అనిపించింది. ఆయన అదేమీ పట్టించుకోకుండా లేచి, బీరువా పక్కన చుట్టి పెట్టిన ఒక షీటు తీసి టేబుల్ మీద పరిచారు. జియా సరాయ్‌లో ఉంటూ ఎంట్రెన్స్‌కి చదువుకుంటున్న ఒక అమ్మాయిదట, కొత్తగా చేరుతోందట. గాలిపటాలకి వేలాడే వీధి ఒకటి గీసింది. ఒక్కో ఇల్లూ ఒక్కో దారానికి కట్టి ఉంది, కింద పిల్లలు దారాలు పట్టుకుని నిలబడ్డారు. చాలా అందంగా ఉంది. అంత అందంగా నేను ఎప్పుడూ గీయలేదు.

“పుస్తకం పనిలో పడితే నాకు తీరదు. కళ్ళు కూడా ఆనట్లేదు,” అన్నారు. “నీ చెయ్యి అయిపోయిందమ్మా, దాని సంగతి మర్చిపో. కన్ను మాత్రం గట్టిది. ఈ కొత్త బ్యాచ్‌ని నువ్వు చూడు.”

చూడనని చెబుదామనుకుని షీటు వైపు చూశాను. చూడగానే కనబడింది. మూడో ఇంటి దారం పట్టుకున్న పిల్లవాడి వెనక ఒక కుక్కని గీసింది ఆ అమ్మాయి, ఊరికే అందం కోసం. నా వేలు దానంతటదే అక్కడికి పోయింది.

“వీడు భయపడి దారం ఇడుస్తడు సార్,” అన్నాను. “పైన ఇంట్ల పురిటి మంచం మీద ఒకామె ఉంది. వాళ్ళమ్మ నీళ్ళు కాగబెడుతుంది.”

“పుట్టాడా?” అని మాస్టారు ముందుకి వంగారు.

“పుట్టిండు. ఇంకా ఏడవలే.”

ఆయన నవ్వారు. ఆ రోజంతా నన్ను చూసి ఒక మనిషి సంతోషపడింది అదొక్కసారే. నాక్కూడా లోపల ఎక్కడో వెచ్చగా అనిపించింది, దాచడం దేనికి. కాఫీ అలాగే వదిలేసి, నా షీటు చుట్టి చంకలో పెట్టుకుని లేచాను. చెప్పులేసుకుంటూ, వచ్చే ఆదివారం ఎన్ని గంటలకి రావాలని అడిగాను.